లైబ్రరీకి సొంత సోషల్ యాప్ కావాలా? పాఠకుల గ్రూపు నడిపేవాళ్లకు నా సమాధానం

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: మీ లైబ్రరీ పాఠకుల బృందం నెలకోసారి కలిసేది. ఇప్పుడు ఆ మాటలన్నీ వాట్సాప్ గ్రూపులోకి వెళ్లిపోయాయి. కౌంటర్ దగ్గరికి వచ్చేవాళ్లు వీడియోల్లో చూసిన నాలుగైదు పుస్తకాలే అడుగుతున్నారు. కమిటీలో కొందరేమో లైబ్రరీకి సొంత యాప్ ఉండాలని, అందులో రేటింగులు, రివ్యూలు, ఎవరు ఏ పుస్తకం చదువుతున్నారో కనిపించాలని పట్టుబడుతున్నారు. ఇదంతా లైబ్రరీకి మేలా, కీడా అన్నది మీ ప్రశ్న.

లైబ్రరీలో పాఠకుల సేవల విభాగంలో ఎన్నో ఏళ్లు పనిచేశాను కాబట్టి, నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. గ్రూపును ఉంచండి, దాన్ని చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టండి. ఎవరు ఏం చదువుతున్నారో చూపించే యాప్ మాత్రం వద్దు. టెక్నాలజీ మీద అనుమానంతో అంటున్న మాట కాదిది. ఇలాంటి సాఫ్ట్‌వేర్‌లో ప్రతి చిన్న అమరికా ఎవరు మాట్లాడాలో, ఏ పుస్తకం కంటపడాలో తేల్చేస్తుంది. ఆ అమరికలు మన అవసరం చూసి పెట్టినవి కావు.

పాఠకులు పుస్తకాలకు రేటింగులు, రివ్యూలు ఇచ్చే గుడ్‌రీడ్స్ సైటు సంగతే చూడండి. 2007లో మొదలైంది. పుస్తకం పేజీ తెరవగానే ఐదు నక్షత్రాలు కనిపిస్తాయి. సగం నక్షత్రం ఇవ్వడానికి వీల్లేదు. మూడివ్వాలా నాలుగివ్వాలా అని ఆలోచించడం మొదలైందంటే పాఠకుడు అప్పటికే తీర్పు చెప్పే పనిలో పడ్డట్టే. దానికి 2011 నుంచి ఏటా రీడింగ్ చాలెంజ్ తోడైంది, ఈ ఏడాది ఎన్ని పుస్తకాలు చదువుతారో ఒక అంకె పెట్టుకోమని. ఆ లెక్కలో ఎనభై పేజీల పుస్తకమూ ఒకటే, ఎనిమిది వందల పేజీల పుస్తకమూ ఒకటే. డిసెంబరు వచ్చేసరికి లెక్కలో వెనకబడ్డవాళ్లు "సన్నగా ఉన్నది ఏదైనా ఇవ్వండి" అని అడగడం కౌంటర్లో కూర్చున్నవాళ్లకు తెలిసిన విషయమే. లావు పుస్తకం మీద వాళ్లకు కోపమేమీ లేదు. యాప్ వాళ్లను అలా లెక్కపెట్టుకోమంది, అంతే.

నాదియా ఒడునాయో 2019లో తెచ్చిన స్టోరీగ్రాఫ్ అనే ఇలాంటి సైటులోనే ఇదే పాఠకుడు వేరేలా మాట్లాడతాడు. అక్కడ పుస్తకం ఏ మూడ్‌లో ఉంది, నెమ్మదిగా సాగుతుందా వేగంగానా అని అడుగుతారు. ఏడాది లక్ష్యాన్ని పేజీల్లోనో గంటల్లోనో కూడా పెట్టుకోవచ్చు. నెమ్మదిగా సాగడం అక్కడ పుస్తకం తీరు మాత్రమే, అదొక ఫిర్యాదు కాదు. టిమ్ స్పాల్డింగ్ 2005లో మొదలుపెట్టిన లైబ్రరీథింగ్‌ది ఇంకో దారి. "మీ దగ్గర ఏ పుస్తకాలున్నాయి, వాటిని కేటలాగ్ చేసుకోండి" అన్నది దాని మొదటి మాట. అందుకే అక్కడ పోగైనవాళ్లు ముద్రణల తేడాలు చర్చించేవాళ్లు, ఒకే పుస్తకానికి ఉన్న పది ఎంట్రీలను ఓపిగ్గా కలిపేవాళ్లు. అమెరికా ఒకప్పటి అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ సొంత గ్రంథాలయంలోని వేలాది పుస్తకాల జాబితాను అక్కడి సభ్యులే కలిసికట్టుగా ఎక్కించారు. ఈ మూడు చోట్లా ఉన్నది పుస్తకాలంటే ప్రాణం పెట్టేవాళ్లే. సైటు మొదట ఏ ప్రశ్న అడిగిందో దాన్నిబట్టి మూడు రకాల సమూహాలయ్యారు.

నక్షత్రాల విషయంలో ఇంకో చిక్కుంది. గుడ్‌రీడ్స్‌లో ఇంకా విడుదల కాని పుస్తకానికీ రేటింగ్ ఇవ్వొచ్చు. 2023 జూన్‌లో అమెరికన్ రచయిత్రి ఎలిజబెత్ గిల్బర్ట్ తన కొత్త నవల ప్రకటించగానే, కథ రష్యాలోని సైబీరియాలో జరుగుతుందన్న కారణంతో, యుక్రెయిన్ యుద్ధం నేపథ్యంలో, వందలమంది ఒక్క నక్షత్రం ఇచ్చారు. ఆమె నవల విడుదలనే నిలిపేశారు. ఆ ఒక్క నక్షత్రం ఇచ్చినవాళ్ల బాధను నేను తక్కువ చేయడం లేదు. కానీ అక్కడ జరిగింది చదవడం గురించిన సంభాషణ కాదు. దీనికి మీ కమిటీలో ఎవరో ఒకరు "మన దగ్గర పుస్తకం తీసుకున్నవాళ్లే రివ్యూ రాయాలని పెడదాం" అంటారు. వినడానికి బాగుంటుంది. కానీ ఎవరు తీసుకున్నారో సరిచూడాలంటే ఎవరు ఏం చదివారన్న రికార్డును రివ్యూకి ముడిపెట్టాలి. అది ఎందుకు వద్దో కిందకొచ్చాక చెబుతాను.

ముందు మీ వాట్సాప్ గ్రూపు. ఒకావిడ రాత్రి కూర్చుని ఒక నవల గురించి పది లైన్లు శ్రద్ధగా రాస్తుంది. ఎక్కడ నచ్చింది, ఏ పాత్ర దగ్గర విసుగొచ్చింది, ఎందుకు మధ్యలో ఆపి మళ్లీ మొదలుపెట్టింది, అన్నీ రాస్తుంది. ముగ్గురు దండం ఎమోజీ పెడతారు. వెంటనే ఎవరిదో పుట్టినరోజు, శుభాకాంక్షలు, ఒక్కో శుభాకాంక్షకూ ఒక్కో ధన్యవాదం, మధ్యలో ఆరోగ్యం మీద ఒక ఫార్వర్డ్. రెండు రోజుల తర్వాత గ్రూపు తెరిచినవాళ్లకు ఆ పది లైన్లు కనిపించవు. ఆవిడ ఇంకోసారి రాస్తుంది, మూడోసారి మానేస్తుంది. ఎవరూ ఏమీ అనలేదు, అయినా మానేసింది. మాటలన్నీ ఒకే వరసలో, వచ్చిన క్రమంలో, కిందకు జారిపోయే చోట పొడుగ్గా రాసేవాళ్లు నిలవరు, పొడి పొడిగా మాట్లాడేవాళ్లే నిలుస్తారు. గ్రూపులో సీరియస్ పాఠకులు తగ్గిపోయారని మీరు బాధపడ్డారు. వాళ్లు లైబ్రరీకి వస్తూనే ఉండొచ్చు, గ్రూపులో వాళ్లకు చోటు దొరకలేదు.

ఇంకో రెండు సంగతులు కూడా పట్టించుకోండి. మామూలు వాట్సాప్ గ్రూపులో ప్రతి సభ్యుడి ఫోన్ నంబరూ మిగతా అందరికీ కనిపిస్తుంది. ఆడవాళ్లు, కాలేజీ పిల్లలు గ్రూపులో చేరకపోవడానికి చాలాసార్లు ఇదే కారణం, కానీ ఆ మాట వాళ్లు పైకి అనరు. రెండోది పీడీఎఫ్‌లు. పుస్తకాల గ్రూపు పెట్టిన కొద్ది రోజులకే ఎవరో ఒకరు కాపీరైట్ ఉన్న పుస్తకం స్కాన్ పెడతారు, సహాయం చేస్తున్నాననే అనుకుంటారు. లైబ్రరీ పేరుతో నడిచే గ్రూపులో అది జరిగితే రచయితలకూ ప్రచురణకర్తలకూ మీ మీద నమ్మకం పోతుంది. మొదటిసారే, మర్యాదగా, అందరిముందూ కాకుండా విడిగా చెప్పి తీయించండి.

ఇక సొంత యాప్ ఆలోచన. ఇది కొత్తదేమీ కాదు. 2005 ప్రాంతంలో మైకేల్ కేసీ అనే లైబ్రేరియన్ "లైబ్రరీ 2.0" అన్న మాట వాడుకలోకి తెచ్చాక, కేటలాగ్‌లోకి పాఠకుల మాట రావాలన్న ఉత్సాహం చాలాచోట్ల వచ్చింది. అమెరికాలో ఆన్ ఆర్బర్ జిల్లా లైబ్రరీ 2007లో జాన్ బ్లైబర్గ్ చేసిన కేటలాగ్‌ను తెచ్చింది. సభ్యులు అందులో ట్యాగులు (పుస్తకానికి తాము తగిలించే చిన్న గుర్తు మాటలు), రేటింగులు, రివ్యూలు పెట్టొచ్చు. మంచి పని. కానీ అలాంటి ప్రయత్నాలన్నిటికీ ఒక లెక్క అడ్డొస్తుంది. లైబ్రరీలో పుస్తకాలు వేలల్లో, లక్షల్లో ఉంటాయి. రివ్యూ రాసే ఓపిక ఉన్న సభ్యులు చాలా కొద్దిమంది. వాళ్లు రాసేదీ అందరూ చదివే పుస్తకాల గురించే. మిగిలిన ప్రతి పుస్తకం కిందా "మొదటి రివ్యూ మీరే రాయండి" అని ఒక ఖాళీ పెట్టె. ఖాళీ పెట్టె చూసినవాడికి ఈ పుస్తకం ఎవరికీ అక్కర్లేదన్న అభిప్రాయం కలుగుతుంది. అంతకుముందు ఆ పుస్తకానికి లేని మచ్చ అది. అందుకే తర్వాత నిలబడ్డవి చాలా లైబ్రరీల పాఠకుల మాటలను ఒకచోట కలిపినవి. లైబ్రరీథింగ్ 2007లోనే తన సభ్యుల ట్యాగులను లైబ్రరీల కేటలాగ్‌లకు అందించడం మొదలుపెట్టింది. బిబ్లియోకామన్స్ అనే కేటలాగ్ సాఫ్ట్‌వేర్ ఒక లైబ్రరీ సభ్యుడి వ్యాఖ్య ఇంకో లైబ్రరీలో కనిపించేలా చేసింది. ఒక్క లైబ్రరీ సొంతంగా యాప్ కట్టుకుంటే మాత్రం మళ్లీ ఆ ఖాళీ పెట్టెల దగ్గరికే వస్తుంది.

ట్యాగుల గురించి ఒక్క మాట. పాఠకులు పెట్టే ట్యాగుల్లో సగం వాళ్లకే పనికొచ్చేవి, "ఇంకా చదవాలి", "పై అర" లాంటివి. మిగతా సగం చాలా విలువైనవి, ఎందుకంటే అధికారిక విషయ శీర్షికలు, అంటే పుస్తకం దేని గురించో చెప్పడానికి కేటలాగ్‌లో వాడే పదాలు, మెల్లగా మారతాయి. అమెరికా కాంగ్రెస్ లైబ్రరీ శీర్షికల్లో వలసదారులను "అక్రమ పరదేశీయులు" అనే అర్థంలో పిలిచే పదాన్ని మార్చాలని కొందరు విద్యార్థులు 2014లో మొదలుపెడితే, అది మారేసరికి 2021 నవంబరు అయింది. ఇదే కాంగ్రెస్ లైబ్రరీ 2008 జనవరిలో దాదాపు మూడు వేల పాత ఫొటోలను ఫ్లికర్ అనే ఫొటోల సైటులో పెట్టినప్పుడు, అందులో ఉన్నది ఎవరో, అది ఏ భవనమో, ఏ వీధో జనమే చెప్పారు. లైబ్రరీకి తెలియనిది పాఠకులకు తెలిసే సందర్భాలు నిజంగానే ఉంటాయి. సోషల్ సాఫ్ట్‌వేర్ అక్కడ అద్భుతంగా పనిచేస్తుంది. మీ దగ్గర పాత ఫొటోలు, పాత పత్రికల సంచికలు ఉంటే యాప్‌కు పెట్టే శ్రమ అక్కడ పెట్టండి.

వీడియోలు చూసి వచ్చేవాళ్లను చూసి మొహం చిట్లించొద్దు. 2020 తర్వాత టిక్‌టాక్‌లో పుస్తకాల వీడియోలు పెరిగాక, అమెరికన్ రచయిత్రి కొలీన్ హూవర్ 2016లో ప్రచురించిన ఒక నవల ఐదేళ్ల తర్వాత బెస్ట్‌సెల్లర్ జాబితాల్లో పైకొచ్చింది. పాత పుస్తకానికి మళ్లీ ప్రాణం రావడం మనకు సంతోషమే. ఇబ్బంది కొనుగోళ్ల దగ్గర వస్తుంది. ఒకే నెలలో అందరూ ఒకే పుస్తకానికి రిజర్వు పెడతారు, కాపీలు తెప్పిస్తాం, అవి చేరేసరికి మోజు తీరిపోతుంది. అచ్చు పుస్తకమైతే అరలోనైనా మిగులుతుంది. ఈబుక్ అయితే అదీ మిగలదు. హార్పర్‌కాలిన్స్ అనే ప్రచురణ సంస్థ 2011లో లైబ్రరీ ఈబుక్‌కు 26 సార్లు ఇస్తే లైసెన్సు అయిపోతుందన్న నిబంధన పెట్టింది. రెండేసి వారాల చొప్పున ఇస్తే ఏడాదికే సరి. మాక్‌మిలన్ అనే మరో ప్రచురణ సంస్థ 2019 నవంబరులో ఇంకో అడుగు ముందుకేసి, కొత్త ఈబుక్ వచ్చిన మొదటి ఎనిమిది వారాలు ఎంత పెద్ద లైబ్రరీ వ్యవస్థకైనా ఒక్క కాపీయే అమ్ముతామంది. లైబ్రరీలు గట్టిగా ఎదురుతిరిగాక 2020 మార్చిలో వెనక్కి తీసుకుంది. గిరాకీ ఆకాశంలో ఉన్నప్పుడే లైసెన్సులన్నీ కొనేస్తే, ఏడాది తిరిగేసరికి డబ్బూ ఉండదు, పుస్తకమూ ఉండదు.

అందుకని రిజర్వు క్యూలో ఉన్న ప్రతివాళ్లకూ "ఈలోగా ఇవి చదవండి" అని రెండు మూడు పేర్లున్న చీటీ ఇవ్వండి, లేదా మెసేజ్ పెట్టండి. ఆ పేర్లు మీ అరల్లో ఇప్పుడే ఉన్నవి, అదే రుచి ఉన్నవి, ఎవరూ అడగనివి కావాలి. ఈ చీటీ రాయడం లైబ్రేరియన్ పనుల్లో నాకు అన్నిటికంటే ఇష్టమైనది. యాప్‌లో పుస్తకాలు సూచించే అల్గారిదమ్ చూసేది ఇప్పటికే చాలామంది చదివిన పుస్తకాలనే. పదేళ్లుగా అర దిగని పుస్తకం గురించి దానికి ఏ లెక్కా అందదు. మీకు తెలుసు, ఎందుకంటే మీరు దాన్ని దుమ్ము దులిపి మళ్లీ పెట్టారు.

ఇప్పుడు అసలు సంగతి, ఎవరు ఏం చదువుతున్నారో చూపించడం.

కంప్యూటర్లకు ముందు చాలా లైబ్రరీల్లో పుస్తకం చివరి అట్టకు ఒక కాగితపు జేబు, అందులో కార్డు ఉండేవి. కొన్నిచోట్ల ఆ కార్డు మీద తీసుకున్నవాళ్ల పేర్లు వరసగా ఉండేవి. నాకంటే ముందు ఎవరు చదివారో చూసుకోవడం చాలామందికి ఇష్టంగా ఉండేది, దాన్నిబట్టి పరిచయాలూ కలిగేవి. అయినా వృత్తిగా లైబ్రేరియన్లు దాన్ని వదులుకున్నారు. పాఠకుడి సమాచారం గోప్యంగా ఉంచాలన్న నియమం అమెరికన్ లైబ్రరీ అసోసియేషన్ నైతిక నియమావళిలో 1939 నుంచే ఉంది. 2001లో పేట్రియట్ చట్టం వచ్చి లైబ్రరీ రికార్డులు అడిగే అధికారం ప్రభుత్వానికి పెరిగాక, అక్కడ చాలా లైబ్రరీలు పుస్తకం తిరిగి రాగానే సభ్యుడి పేరుకూ ఆ పుస్తకానికీ ఉన్న లింకు చెరిగిపోయేలా తమ సాఫ్ట్‌వేర్‌ను మార్చుకున్నాయి. 2005లో కనెక్టికట్‌లో నలుగురు లైబ్రేరియన్లు రికార్డులు ఇవ్వమన్న ఎఫ్‌బీఐ (అమెరికా దర్యాప్తు సంస్థ) లేఖకు లొంగకుండా కోర్టుకెళ్లారు. ఆ విషయం ఎవరికీ చెప్పకూడదన్న ఆంక్ష కూడా వాళ్ల మీద ఉండేది, మరుసటి ఏడాది దాన్ని ఎత్తేశారు.

ఇంత కష్టపడి కాపాడుకున్నదాన్ని సరదా ఫీచరు పేరుతో ఇచ్చేయడం నాకు మింగుడుపడదు. ప్రభుత్వాల సంగతి అలా ఉంచండి. విడాకుల చట్టం పుస్తకం తీసుకునే ఆవిడ, ఒక జబ్బు గురించి ఇంట్లో చెప్పకుండా చదువుకునే మనిషి, తన మతం కాని మతం గురించి తెలుసుకోవాలనుకునే కుర్రాడు, అప్పుల నుంచి బయటపడే దారి వెతుక్కునేవాళ్లు, వీళ్లంతా మీ సభ్యులే. యాప్‌లో "ఫలానావారు ఇప్పుడు చదువుతున్నారు" అని కనిపిస్తుందని తెలిస్తే వీళ్లలో ఒక్కరు కూడా మీకు ఫిర్యాదు చేయరు. పుస్తకం తీసుకోవడం మానేస్తారు. తీసుకోని పుస్తకం ఏ నివేదికలోనూ కనిపించదు. యాప్ బ్రహ్మాండంగా నడుస్తోందని మీరు కమిటీకి చెప్పే రోజునే వీళ్లు దూరమైపోయి ఉంటారు. ప్రతి పాఠకుడికీ అతని పుస్తకం అందాలని గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ 1931లోనే సూత్రంగా రాశారు. ఆ "ప్రతి"లో ముందు లెక్కపెట్టాల్సింది వీళ్లనే అని నా నమ్మకం.

బయటి కంపెనీ సాఫ్ట్‌వేర్ తీసుకున్నా ఈ ప్రశ్న తప్పదు. 2014 అక్టోబరులో అడోబీ ఈబుక్ రీడర్ పాఠకుడు ఏ పుస్తకం తెరిచాడు, ఏ పేజీలు చదివాడు అన్న వివరాలను ఎన్‌క్రిప్షన్ లేకుండా, అంటే దారిలో ఎవరైనా చదవగలిగేలా, తన సర్వర్లకు పంపుతోందని బయటపడింది. లైబ్రరీ ఈబుక్‌లు చదవడానికి ఎందరో వాడుతున్న సాఫ్ట్‌వేర్ అది. ఒప్పందం మీద సంతకం పెట్టేముందు ఏ డేటా ఎక్కడికి వెళ్తుంది, ఎన్నాళ్లు ఉంటుంది అని రాతపూర్వకంగా అడగండి.

అలాగని "పోయినేడు నేనేం చదివానో మర్చిపోయాను, చూపించండి" అని అడిగే సభ్యుడిది తప్పు కోరిక కాదు. అతను కోరితేనే, అతనికి మాత్రమే కనిపించేలా, ఎప్పుడైనా చెరిపేసుకునేలా ఇవ్వండి. మొదట్లో ఆ సౌకర్యం ఆఫ్‌లో ఉండాలి.

పేర్లు లేకుండా కూడా పాఠకులను కలపొచ్చు. ఏ లైబ్రరీలోనైనా గమనించండి, అరల్లో కంటే రిటర్న్ వచ్చిన పుస్తకాల ట్రాలీ దగ్గరే జనం ఎక్కువ. ఎవరో ఒకరు ఇంటికి తీసుకెళ్లి చదివారన్న ఒక్క భరోసా చాలు, చేయి అటే వెళ్తుంది. ఎవరు చదివారో తెలియదు, తెలియక్కర్లేదు. మీరు డిజిటల్‌గా ఏమైనా చేయాలనుకుంటే ఆ ట్రాలీని చేయండి. "ఈ వారం తిరిగొచ్చినవి" అని వారానికోసారి ఒక జాబితా, పుస్తకాల పేర్లు మాత్రమే. అప్పటికప్పుడు కాకుండా వారమంతా పోగేసి, వరస కలిపేసి పెట్టండి. లేదంటే ఇప్పుడే కౌంటర్ నుంచి వెళ్లిన మనిషికీ ఇప్పుడే కనిపించిన పుస్తకానికీ ముడిపెట్టడం కష్టమేమీ కాదు. సభ్యులు తక్కువున్న లైబ్రరీ అయితే రెండు వారాలు ఆగండి.

గ్రూపు విషయానికొస్తే, వాట్సాప్‌ను ప్రకటనలకే ఉంచి, అడ్మిన్లు మాత్రమే రాసేలా సెట్టింగు మార్చండి. చర్చను ఒక్కో పుస్తకానికి ఒక్కో శీర్షిక పెట్టుకోగలిగే చోటికి, అసలు పేరూ నంబరూ చూపించక్కర్లేని చోటికి మార్చండి. ఏ సాఫ్ట్‌వేర్ అన్నది దాని తర్వాతి ప్రశ్న. దాన్ని చూసుకునే మనిషి ముఖ్యం. నాన్సీ పెర్ల్ అనే లైబ్రేరియన్ 1998లో అమెరికాలోని సియాటిల్‌లో ఊరంతా ఒకే పుస్తకం చదివే కార్యక్రమం పెట్టినప్పుడు ఈ యాప్‌లేవీ లేవు. ఒక పుస్తకాన్ని ఎంచి, చర్చకు ప్రశ్నలు తయారుచేసి, జనాన్ని కూర్చోబెట్టిన మనుషులున్నారు. "పుస్తకం ఎలా ఉంది?" అని అడిగితే "సూపర్" అని వస్తుంది, అక్కడితో చర్చ ఆగిపోతుంది. "ఏ పేజీ దగ్గర పుస్తకం పక్కన పెట్టేశారు, ఎందుకు?" అని అడిగి చూడండి. చివరిదాకా చదవనివాళ్లు కూడా మాట్లాడతారు, పేజీ నంబరు ముందే ఉంటుంది కాబట్టి కథ బయటపడుతుందన్న గొడవా తగ్గుతుంది. స్మార్ట్‌ఫోన్ లేని సభ్యుల కోసం నెలలో వచ్చిన మంచి వ్యాఖ్యలను, రాసినవాళ్ల అనుమతితో, ప్రింటు తీసి నోటీసు బోర్డుకు పెట్టండి. నెలవారీ సమావేశాన్ని మాత్రం ఆపకండి.

ఆ వ్యాఖ్యల కాపీ మీ దగ్గర ఒకటి ఉంచుకోండి. అమెజాన్ 2008లో షెల్ఫారీ అనే పుస్తకాల సైటును కొని 2016లో మూసేసింది. 2013లో గుడ్‌రీడ్స్‌ను కొంది. 2020 డిసెంబరు నుంచి గుడ్‌రీడ్స్ తన డేటాను బయటి సాఫ్ట్‌వేర్ వాడుకునే మార్గాన్ని కొత్తవాళ్లకు ఇవ్వడం ఆపేసింది. దాని మీద ఆధారపడి ఏదైనా కట్టాలనుకున్నవాళ్లకు దారి మూసుకుపోయింది. ఎక్స్‌పోర్ట్ చేసుకోవడానికి వీల్లేని చోట చర్చ మొదలుపెట్టకండి.

మొదటి మూడు నెలలు సందేశాల సంఖ్య అసలు చూడొద్దు. రెండే చూడండి: ఒక్కసారైనా రాసిన సభ్యులు ఎంతమంది, ఏడాదిగా అర దిగని పుస్తకాల్లో ఎన్ని దిగాయి. ఇవి పెరగకపోతే సాఫ్ట్‌వేర్ మార్చే ఆలోచన చేసేముందు, గ్రూపు చూసుకునే మనిషి డ్యూటీ చార్టు తీసి, ఆ పనికి వారంలో నిజంగా ఎన్ని గంటలు దొరుకుతున్నాయో చూడండి.